మడక భాగాలు తెలియకుండా సీమ కథ రాయొచ్చా?

సీమలో కొత్తగా రాస్తున్నవాళ్ల కథలు ఓ పది వరసగా చదివితే మొదటి పేరాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. నెర్రెలిచ్చిన నేల, ఆకాశం వైపు చూసే ముసలి రైతు. అది కాదంటే తెల్ల సుమో, సీట్ల కింద వేటకొడవళ్లు. కరువూ ఫ్యాక్షనూ అబద్ధాలేం కావు. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంటే కరువు రాయకుండా ఎట్లా? చిక్కు వస్తువులో లేదు. ఆ రైతు ఏ పని మధ్యలో ఆపి ఆకాశం చూశాడో, ఆ పూట అతని చేతిలో ఏముందో కథలో ఉండదు. బాధ ఉంటుంది, పని ఉండదు.

దీనికి మందు చదువులోనే ఉంది. కానీ ఎవర్నడిగినా ఇష్టమైన పుస్తకాలు ఇరవై పేర్లు గడగడా చెప్తారు. ఆ ఇరవైలో ఒక్కదాన్నయినా విప్పి చూసినవాళ్లు అరుదు. పాఠకుడికి ఇష్టం చాలు. రాయాలనుకునేవాడికి చాలదు.

విప్పి చూడటమంటే ఇదీ. కేతు విశ్వనాథరెడ్డి కథలు తీసుకోండి, 1996లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చిన సంపుటి. ఒక కథను మామూలుగా చదివేయండి. రెండు రోజులాగి పెన్సిల్‌తో కూర్చోండి. సంభాషణ ఉన్నచోటల్లా గీత గీయండి. కాలం ముందుకో వెనక్కో దూకిన ప్రతిచోటా మార్జిన్‌లో నిలువు గీత పెట్టండి. పనిముట్టు, తిండి, వావివరస చెప్పే మాటల చుట్టూ సున్నా చుట్టండి. చివర్లో, కథ మొదట్లో లేనిది ఏది ఆఖరికి వచ్చిందో ఒక్క వాక్యంలో రాయండి. తర్వాత మీ కథకూ అదే చేయండి. పది పేజీల్లో కాలం పన్నెండుసార్లు దూకిందా? అది కథ కాదు, నవలకు వేసుకున్న ప్లాను. సున్నాలు నాలుగు కూడా లేవా? ఆ కథ ఏ ఊర్లోనైనా జరగొచ్చు, అంటే ఏ ఊర్లోనూ జరగలేదు. అదే కథలో బాగా నచ్చిన రెండు పేజీలు చేత్తో ఎత్తిరాస్తే ఇంకా మంచిది. కన్ను దాటేసిన చిన్న మాటలు చేతికి తగులుతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, సింగమనేని నారాయణ సంకలనం చేసిన ‘సీమకథలు’తో. ఒకే నేలను ఇంతమంది ఎన్ని రకాలుగా పట్టుకున్నారో ఒక్కచోట తెలుస్తుంది. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ కావ్యమే అయినా, ఒక ఏరు ఎండిపోవడాన్ని ఒక కాపురం మీదుగా ఎట్లా చెప్పాలో అందులో నేర్చుకోవచ్చు. చరిత్ర రాయాలనుకునేవాళ్లకు బండి నారాయణస్వామి ‘శప్తభూమి’, వృత్తి జీవితం రాయాలనుకునేవాళ్లకు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ ఉన్నాయి. గొర్రెల్ని అడవికి తోలుకుపోయేవాళ్ల నవల అది. అడవి గోడ మీద బొమ్మగా కాకుండా ప్రతిరోజూ తీర్చాల్సిన సమస్యగా కనబడుతుంది.

వీటన్నిటికంటే ముందు చేతికివ్వాల్సిన పుస్తకం మాత్రం కథల పుస్తకం కాదు. రాచమల్లు రామచంద్రారెడ్డి ‘అనువాద సమస్యలు’. కడప నుంచి ‘సంవేదన’ పత్రిక నడిపిన మనిషి, మాస్కోలో అనువాదకుడిగా పనిచేసినవాడు. నేను అనువాదం చేయట్లేదు గదా అంటారు కుర్రవాళ్లు. చేస్తున్నారు, తెలియకుండానే. ‘ఆమె అతని వైపు ఒక చూపు విసిరింది’, ‘అతని చేత ఆ నిజం దాచబడింది’, ‘ఒక దీర్ఘమైన నిశ్శబ్దం తర్వాత’ లాంటివన్నీ సబ్‌టైటిళ్ల తెలుగు. ప్రొద్దుటూరు సందులో ఎవరూ చూపులు విసరరు, ఎగాదిగా చూస్తారు. రాసింది అయ్యాక ‘ఒక’, ‘బడు’, ‘యొక్క’, ‘ద్వారా’ అన్న నాలుగింటినీ ఫైల్లో వెతికి, అవసరం లేనిచోట కొట్టేయండి. కథ సగం తేలికవుతుంది.

ఇప్పుడు పని సంగతి. మొదటి రాతలో ఇట్లా ఉందనుకుందాం: ‘కరువు రక్కసి కోరలు చాచింది. ఓబులేసు గుండె బరువెక్కింది.’ విశేషణాలు మార్చి దీన్ని దిద్దలేం, ప్రశ్నలు వేయాలి. ఓబులేసుకు నేలెంత? నాలుగెకరాలు. ఏం వేస్తాడు? బుడ్డలు, కడప వైపైతే శెనక్కాయలు, అంటే వేరుశనగ. ఎకరాకు విత్తనం 60 కిలోలు, అటూ ఇటూ. వాన పడింది. ఎర్రనేలలో పదును, అంటే విత్తేందుకు సరిపడా తడి, ఎక్కువ రోజులు నిలవదు. పదునైన రోజు విత్తే గొర్రు ఊరందరికీ కావాలి, ఎద్దులు ఊరందరికీ లేవు. గొర్రుకుండే గిన్నె లాంటి జడ్డిగంలో గింజ వదిలేదానికి చెయ్యి తిరిగిన ఆడమనిషి కావాలి. చెయ్యి తడబడితే సాలులో సందులు పడతాయి. ట్రాక్టర్ గొర్రయితే గంటకు బాడుగ, వరస కోసం రాత్రంతా ఫోన్లు. ఇంతవరకు వచ్చాక ఓబులేసు ఎవరింటికి పోయి అడగాలో తేలిపోతుంది:

‘రేపటికి పదును ఆరిపోతాదిరా,’ అనింది జేజి. ఓబులేసు చెప్పులు తొడుక్కున్నాడు. బామ్మర్ది గడప తొక్కి మూడేండ్లయింది.

గుండె బరువు గురించి మాటే లేదు గదా, అయినా తెలుస్తోంది.

ఈ లెక్కలు తప్పితే కథ కూలుతుంది. కదిరి-6 రకం వేరుశనగ చేతికి రావడానికి 100 రోజుల పైమాటే. జూలైలో విత్తి ఆగస్టులో కాయ అమ్మించారంటే పల్లె పాఠకుడు అక్కడే చదవడం ఆపేస్తాడు. పూత నుంచి నేలలోకి ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది, కింద కాయ ఉండదు. కరువంటే అన్నిసార్లూ ఎండిన చేను కాదు. పనిముట్ల పేర్లకు భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం చూడండి. మడక (నాగలి), దాని మేడి, నొగ, కర్రు ఏ ప్రాంతంలో ఏ పేరుతో ఉన్నాయో అందులో దొరుకుతుంది. చేనేత సంపుటం 1971ది. ధర్మవరం, ఎమ్మిగనూరు, జమ్మలమడుగు మగ్గాల మీద రాసేవాళ్లు దాన్ని తెరవకుండా మొదలుపెట్టకూడదు. కడపలో బ్రౌన్ పేరున ఉన్న గ్రంథాలయం దగ్గర్లో ఉండి కూడా గూగుల్ మీద ఆధారపడటం సోమరితనమే.

యాస గురించి రెండు మాటలు. చివర ‘అబ్బా’, ‘రా’ తగిలిస్తే సీమ భాష అయిపోదు. సినిమాలు ఆ పని చేసి చూపించాయి, చాలు. ‘వచ్చాడు’ కాదు ‘వచ్చినాడు’, ‘వస్తున్నాడు’ కాదు ‘వస్తాండాడు’. భాష క్రియల్లో ఉంటుంది. పైగా సీమంతా ఒకే మాట కాదు: మడకశిర వైపు కన్నడం కలుస్తుంది, కర్నూలు పాతబస్తీలో ఉర్దూ. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, మొదటి పేజీలో ‘వస్తాండాడు’ అన్న మనిషి చేత ఐదో పేజీలో ‘వస్తున్నాడు’ అనిపించడం. ఒక్కో పాత్రకు పది క్రియలు, ఐదు పిలుపులు కాగితం మీద రాసి గోడకు అంటించుకుంటే ఆ తప్పు జరగదు. ఊరి పేరు కూడా చూసుకోండి. అన్ని కథలూ రామాపురంలోనే ఎందుకు జరగాలి? కడప జిల్లా ఊర్ల పేర్ల మీదే కేతు పరిశోధన చేశారు. పల్లె, పాడు, కుంట, పెంట, ప్రతి ముక్క వెనకా ఒక కారణం ఉంటుంది.

పత్రికకు పంపేటప్పుడు పెద్ద విద్యేం అక్కర్లేదు. యూనికోడ్‌లో టైపు చేయండి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల నుంచి మార్చిన ఫైలయితే ఒత్తులు చెదిరిపోతాయి, ఒకసారి పూర్తిగా చదవాల్సిందే. మాటల పరిమితి దాటొద్దు. సొంత రచన అన్న హామీపత్రం జతచేయండి. ఒకే కథను రెండు పత్రికలకు ఒకేసారి పంపితే రెండుచోట్లా అచ్చయ్యే ప్రమాదముంది, అట్లా జరిగితే మూడో కథ ఎవరూ తీసుకోరు.

పుస్తకం వేసే తొందర మాత్రం చాలామందిని ముంచుతోంది. 1/8 డెమీ సైజులో ఒక ఫారం (ఒక్కసారిగా అచ్చేసే పెద్ద కాగితం) అంటే 16 పేజీలు. పేజీకి 225 మాటలు పడతాయనుకుంటే 1,800 మాటల కథలు పన్నెండు కలిసి 96 పేజీలు. ముందుమాట, విషయసూచిక, ఖాళీ పేజీలు కలిపి 112కు సర్దితే సరిగ్గా ఏడు ఫారాలు. 120 చేస్తే అరఫారం మిగిలి ఖర్చు పెరుగుతుంది. నాలుగు ముందుమాటలు రాయించుకుని పుస్తకాన్ని లావు చేసేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేస్తే ఉచితంగానే వస్తుంది, దానికి డబ్బడిగే మధ్యవర్తి అక్కర్లేదు. ఆఖరి ప్రూఫు మీరు కాకుండా ఇంకొకరు చూడాలి. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి పంపాలి. ఇది చాలామందికి తెలియదు. ఇంకో ప్రతి శ్రీకాకుళంలో తెలుగు కథల్ని భద్రపరిచే గ్రంథాలయం కథానిలయానికి వేయండి. తపాలా ఖర్చు తప్ప ఏం పోదు, పదేళ్ల తర్వాత మీ దగ్గరే ప్రతి లేకుండా పోతే దొరికే చోటు అదే కావచ్చు.