తప్పు వెనక ఉన్న నియమం

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు చిత్రపటానికి పూలమాల వేసి, వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటాన్ని తలచుకుంటాం. ఆ పోరాటం బడి నుంచి మొదలైందన్న సంగతి మాత్రం మన ఉపన్యాసాల్లో అరుదుగా వినిపిస్తుంది. 20వ శతాబ్దం తొలి దశకంలో ఉత్తరాంధ్ర పాఠశాలల పర్యవేక్షణకు వచ్చిన జె.ఎ. ఏట్స్, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల్లోని తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. పిల్లలకు ఏ భాష నేర్పాలన్న ఆ ప్రశ్నే గిడుగునూ గురజాడనూ కదిలించింది. అప్పటికే గిడుగు పర్లాకిమిడి కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, వారి పిల్లల కోసం బడులు పెట్టి, సవరలో వాచకాలు రాసే పనిలో ఉన్నారు. 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణానికీ 1938 నాటి నిఘంటువుకూ ఆ బడులే పునాది. భాషను పరిశీలించడమూ భాషను నేర్పడమూ ఆయనకు వేరువేరు పనులు కావు.

నేటి మన ఉపాధ్యాయ శిక్షణలో ఆ రెండూ విడిపోయాయి. ఇంగ్లీషు బోధన కోసం 1958లోనే కేంద్రీయ సంస్థ ఏర్పడిన నగరం హైదరాబాద్. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి ద్రావిడ భాషా పండితుడు ఉస్మానియాలో పాఠం చెప్పిన నగరమూ అదే. అయినా జిల్లా ఉపాధ్యాయ శిక్షణ కళాశాల (డైట్)లో చదివి బడికి వెళ్లే ఉపాధ్యాయుడికి, తన తరగతిలోని పిల్లవాడు ఒకే తప్పు మళ్లీ మళ్లీ ఎందుకు చేస్తున్నాడో చెప్పేవారు లేరు.

'భాష'ను 'బాష' అని రాసే పిల్లల సంగతే చూడండి. ఆ మాటను పదిసార్లు, ఇరవైసార్లు రాయించడం మన బడుల్లో తరతరాలుగా సాగుతున్న చికిత్స. తెలుగుకు సొంతమైన మాటల్లో మహాప్రాణాలు, అంటే ఒత్తి పలికే ధ్వనులు, దాదాపుగా లేవు. తెలుగుకు 36 వర్ణాలని లెక్కించిన సంప్రదాయ వ్యాకరణం వాటిలో ఖ, ఘ, భ వంటి వాటిని చేర్చలేదు. అవి సంస్కృతం నుంచి వచ్చిన మాటలతో పాటు వచ్చాయి. రోజువారీ మాటల్లో చాలామంది తెలుగువారు వాటిని ఒత్తి పలకరు. అంటే ఆ పిల్లవాడు తన చెవికి వినిపించినదాన్ని నమ్మకంగా రాస్తున్నాడు. వినిపించని తేడాను ఎన్నిసార్లు రాయించినా చెవి పట్టుకోదు. భాష, భాషణం, సంభాషణ, భాష్యం అంటూ ఒక కుటుంబానికి చెందిన మాటలను పక్కపక్కన చూపిస్తే కన్ను పట్టుకుంటుంది. ఈ చిన్న మార్పుకు డబ్బు అక్కర్లేదు. ఆ ధ్వనుల చరిత్ర ఉపాధ్యాయుడికి తెలిస్తే చాలు.

ఇంగ్లీషు పాఠంలోనూ ఇదే కథ. 'ఆమె టీచరు' అన్న తెలుగు వాక్యంలో క్రియ ఉండదు, దాని అవసరమూ లేదు. అందుకే పిల్లవాడు ఇంగ్లీషులో 'షీ టీచర్' అని రాస్తాడు. మన భాషలో 'ఎ', 'ది'లకు సాటి వచ్చేవి లేవు కనుక వాటిని వదిలేస్తాడు. ప్రశ్న అడిగేటప్పుడు తెలుగు వాక్యంలో పదాల వరస మార్చనక్కర లేదు కనుక ఇంగ్లీషులోనూ మార్చడు. అభ్యాసకుడి తప్పులు అతడు లోలోపల కట్టుకుంటున్న నియమాలను బయటపెడతాయని భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లోనే వాదించాడు. మనం మాత్రం ఎర్ర సిరాతో గీత గీసి, మార్కు తగ్గించి, అంతటితో వదిలేస్తున్నాం.

సిద్ధాంతం పేరు చెప్పి వచ్చిన ప్రతిదాన్నీ నెత్తిన పెట్టుకోవాలని మేము అనడం లేదు. అలవాటే భాష అన్న నమ్మకంతో ఒకప్పుడు వాక్య నిర్మాణాలను వరస కట్టి వల్లె వేయించారు. మద్రాసు రాష్ట్రంలో 1950వ దశకంలో ఆ పద్ధతి విస్తారంగా నడిచింది. వాక్యాలు నోటికి వచ్చాయి గానీ, అవసరమైన చోట మాట పెగల్లేదు. భాషాశాస్త్రం నుంచి బోధనకు నేరుగా సూత్రాలు దొరుకుతాయన్న ఆశపై ప్రసిద్ధ భాషాశాస్త్రవేత్త చోమ్‌స్కీయే 1966లో ఉపాధ్యాయుల సభలో సందేహం వ్యక్తం చేశాడు. ఆ సందేహాన్ని గౌరవిస్తూనే, 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బడుల్లో ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు చేసిన ప్రయోగాన్ని గుర్తుచేస్తున్నాం. రైళ్ల వేళల పట్టిక చదవడం, పటంలో దారి కనుక్కోవడం వంటి పనులు ఇచ్చి, పిల్లలు అర్థం మీద మనసు పెడితే వ్యాకరణం లోలోపల రూపుకడుతుందని ఆయన ప్రతిపాదించారు. అన్ని చోట్లా పనికొచ్చే ఏకైక ఉత్తమ పద్ధతి ఉందన్న నమ్మకాన్ని తర్వాతి కాలంలో ప్రశ్నించిందీ ఆయనే. ఎక్కడో తయారైన పద్ధతిని దిగుమతి చేసుకోకుండా ఆలోచనను మన తరగతి గదిలో పరీక్షించిన ఆ ధైర్యం మనకు కావాలి.

మన్యంలో, తండాల్లో ఇది మరింత తీవ్రమైన విషయం. ఒకే తెలుగు వాచకం పట్టుకున్న పిల్లలందరూ ఒకే చోటి నుంచి బయలుదేరరు. గోండి, కోయ, కొలామీ తెలుగుకు బంధువులు. లంబాడీ హిందీలాంటి ఇండో-ఆర్య భాష. సవర ఈ రెంటికీ చెందని ముండా కుటుంబానిది. 'అమ్మ వచ్చింది', 'బస్సు వచ్చింది' అని మనం స్త్రీకీ వస్తువుకూ ఒకే క్రియారూపం వాడతాం. గోండి పిల్లకు ఇది కొత్త కాదు. వస్తువులకు కూడా పుంలింగం, స్త్రీలింగం ఉన్న లంబాడీ ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ఇది వింతగా ఉంటుంది. ఆ పిల్ల తడబడితే 'చదువు రాదు' అన్న ముద్ర పడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు ప్రారంభించి దేశానికి దారి చూపింది. ఆ దారిని అదే పట్టుదలతో విస్తరించకపోవడం మనం చేసుకున్న నష్టం.

రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పుడు ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పుస్తకాలు ఇస్తున్నాయి. ఇది మంచి అవకాశం. కబుర్లకు సరిపడే రెండో భాష రెండేళ్లలో వచ్చినా, పాఠాన్ని లోతుగా గ్రహించే భాషకు ఐదేళ్లో అంతకన్నా ఎక్కువో పడుతుందని ద్విభాషా విద్య పరిశోధకుడు జిమ్ కమిన్స్ చూపించాడు. ఇంటి భాషలో గట్టిపడిన ఆలోచన రెండో భాషలోకీ ప్రవహిస్తుందనీ చెప్పాడు. కనుక తెలుగు పేజీ ఇంగ్లీషు పేజీకి శత్రువు కాదు. ముందు తెలుగులో చర్చించి, తర్వాత ఇంగ్లీషులో చదివి, తిరిగి సొంత మాటల్లో చెప్పించే పాఠ ప్రణాళిక ఏ ఉపాధ్యాయుడి చేతికైనా అందిందా? పుస్తకం అచ్చు వేసినంత శ్రద్ధ దాన్ని ఎలా వాడాలో నేర్పడంలో కనిపించడం లేదు.

ప్రభుత్వాలను మేము అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. డీఎల్‌ఈడీ, బీఈడీ అనే ఉపాధ్యాయ శిక్షణ కోర్సుల పాఠ్యక్రమాల్లో తెలుగు, ఇంగ్లీషు, ఆ ప్రాంతంలో వినిపించే మరో భాష నిర్మాణాలను పోల్చి చూసే ఒక పాఠ్యాంశం తప్పనిసరి చేయాలి. విశ్వవిద్యాలయాల భాషాశాస్త్ర శాఖలు ప్రతి జిల్లాలో కొన్ని బడులను ఎంచుకుని, పిల్లల రాత పుస్తకాల్లోని తప్పులను సేకరించి, వర్గీకరించి, తేలిన విషయాలను ఉపాధ్యాయులకు అర్థమయ్యే తెలుగులో అందించాలి. గిరిజన ప్రాంతాల నియామకాల్లో స్థానిక భాష తెలిసినవారికి ప్రాధాన్యం దక్కాలి. జవాబు పత్రాలు దిద్దేవారికి ఇచ్చే సూచనల్లో, విషయం తెలిసి రాతలో తడబడిన విద్యార్థికి మార్కు కోయకూడదని స్పష్టంగా రాయాలి.