తప్పంతా పర్యాటకుడిదే

టూరిజం డిగ్రీ చేతపట్టుకుని వచ్చిన పిల్లలకు పని రావడం లేదని హోటళ్లవాళ్లు, ట్రావెల్ ఏజెన్సీలవాళ్లు గగ్గోలు పెడుతున్నారు. ఒకసారి సిలబస్ తిరగేస్తే అసలు దోషి ఎవరో తెలిసిపోతుంది. పర్యాటకుడు. అతను సిలబస్ ప్రకారం నడుచుకోవడం లేదు.

కుర్రాడు చదువులో ఏం తక్కువ చేశాడు? ట్రావెల్ ఏజెన్సీలకు ఆద్యుడైన థామస్ కుక్ 1841లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి లఫ్‌బరోకు జనాన్ని రైల్లో తీసుకెళ్లాడని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఒక రాత్రైనా బస చేస్తేనే టూరిస్టు, పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాడు కాదు అన్న తేడాను పది మార్కులకు సాగదీయగలడు. పర్యాటక కేంద్రాలు ఎలా పుట్టి, పెరిగి, ఎక్కడ చతికిలబడతాయో చూపిస్తూ 1980లో పరిశోధకుడు బట్లర్ ఇచ్చిన గ్రాఫును కళ్లు మూసుకుని గీస్తాడు.

ఇంతటి విద్వాంసుణ్ని రిసెప్షన్‌లో నిలబెడితే, రాత్రి పదకొండున్నరకు ఓ పెద్దమనిషి నిద్రకు తూగుతున్న ఇద్దరు పిల్లలతో దిగి, ‘బుకింగ్ కన్ఫర్మ్ అయ్యాక రూమ్ లేదంటావేంటి?’ అని అరుస్తాడు. ఓవర్‌బుకింగ్, అంటే ఉన్న గదులకంటే ఎక్కువ బుకింగ్‌లు తీసుకోవడం, సిలబస్‌లో ఉంది. నాలుగో యూనిట్. నిర్వచనం, లాభాలు, నష్టాలు. అరిచేవాడి ఊసే లేదు. మనవాడు ఆ మూడూ వరసగా అప్పజెబుదామనుకుంటే లాభాలు దాటనిచ్చేలా లేడాయన. పక్క హోటల్లో గది మాట్లాడటం, కారు పిలవడం, ఖర్చు మాదేనని చెప్పడం, ఇదంతా మొహం చిట్లించకుండా చేయడం ఏ ప్రశ్నపత్రంలోనూ రాలేదు. రానిదాన్ని చదవమంటే ఎలా?

పాఠం చెప్పే సారు ఏనాడూ కౌంటర్ వెనక నిలబడలేదని ఇంకో నింద. నిలబడితే పీహెచ్‌డీ ఎప్పుడు చేస్తారు? టికెట్లు బుక్ చేసే కంప్యూటర్ వ్యవస్థ అమెడియస్ 1987లో మొదలైందని ఆయన చెప్పారు, పిల్లలు రాసుకున్నారు. అందులో టికెట్ ఎలా రద్దు చేస్తారో స్క్రీన్‌షాట్‌లో చూపించారు కూడా. లైసెన్సుకు డబ్బులవుతాయి, స్క్రీన్‌షాట్‌కు కావు.

ఇంటర్న్‌షిప్‌ను మాత్రం తక్కువ చేయలేం. పర్యాటకుల తాకిడికి స్థానికులు మొదట సంబరపడి, తర్వాత పట్టించుకోవడం మానేసి, ఆపైన చిరాకుపడి, చివరికి ద్వేషం పెంచుకుంటారని 1975లో డాక్సీ అనే పరిశోధకుడు అన్నాడు. ఆ నాలుగు మెట్లూ ఎక్కడానికి ఊళ్లకు ఏళ్లు పడుతుంది. మన ఇంటర్న్ సూట్‌కేసులు మోస్తూ, గ్లాసులు తుడుస్తూ సెలవులు అయిపోయేలోపే ఎక్కేస్తాడు. ప్రాక్టికల్ శిక్షణ అంటే అదీ.

కాబట్టి మార్చాల్సింది సిలబస్‌ను కాదు. ప్రయాణికులందరికీ టికెట్ ఇచ్చేముందు అర్హత పరీక్ష పెట్టాలి. బట్లర్ గ్రాఫు గీయలేనివాడికి కోప్పడే హక్కు ఉండకూడదు.

ఇక పరిశ్రమవారి అసలు కోరిక ఒకటుంది: ఫ్రెషర్ కావాలి, రెండేళ్ల అనుభవం ఉండాలి, జీతం మాత్రం ఫ్రెషర్‌దే ఇస్తారు. దీనికి కాలేజీలు ఏనాడో దారి కనిపెట్టాయి. మూడేళ్ల కోర్సు ఐదేళ్లకు పూర్తిచేసినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ సిద్ధంగా ఉన్నారు.