గైడులో లేని ప్రశ్న

అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాలను సూర్యకిరణాలు ఏటా రెండుసార్లు తాకుతాయని శ్రీకాకుళం పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. మార్చి రెండో వారంలో ఒకసారి, అక్టోబర్ మొదట్లో మరోసారి. ఆ వేకువన మబ్బు పడితే భక్తులు ఎంత ఉసూరుమంటారో కూడా వాళ్లు చూసే ఉంటారు. మరి జనవరిలో ఎందుకు తాకవు? ఈ మాట తరగతిలో అడిగినవాళ్లు ఎందరు?

సూర్యుడు ఉదయించే చోటు రోజూ కొంచెం కొంచెం జరుగుతుంటుంది. సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 20 ప్రాంతంలో, మళ్లీ సెప్టెంబర్ 22 ప్రాంతంలో. మొదటిదానికి పది రోజుల ముందు, రెండోదానికి సుమారు పది రోజుల తర్వాత ఆయన తూర్పుకు కాస్త దక్షిణంగా, ఇంచుమించు ఒకే చోట కనిపిస్తాడు. అక్కడి నుంచి వచ్చే కిరణాలకే గర్భగుడి దాకా దారి దొరుకుతుంది. మాస్టారు ఇదంతా బోర్డు మీద రాసేస్తే మరో రెండు మార్కుల జవాబు తయారవుతుంది, అంతే. అలాకాక, వారానికోసారి ఇంటి డాబా మీద ఒకేచోట నిలబడి, సూర్యుడు ఏ కొబ్బరిచెట్టు పక్కనుంచి వస్తున్నాడో రాసుకోమనండి. ఆర్నెల్లు తిరిగేసరికి ‘సూర్యుడు తూర్పున ఉదయించును’ అనే పాఠం మీదే వాళ్లకు అనుమానం వస్తుంది. రావాలి కూడా.

అడగనిదే అమ్మైనా పెట్టదంటాం. బడిలో మాత్రం అడిగిన పిల్లాణ్ని ‘సిలబస్ అవ్వలేదు, కూర్చో’ అంటాం. ఇందులో తప్పంతా ఉపాధ్యాయులదే అనడం మా ఉద్దేశం కాదు. ఇంపార్టెంట్ ప్రశ్నలు బట్టీపడితే చాలు గట్టెక్కే పరీక్ష పెట్టి, ఆ మార్కులతోనే మాస్టారిని కూడా తూకం వేస్తున్నప్పుడు ఆయన మాత్రం ఏం చేస్తారు? పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయం చెప్పగలగాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో రాసే ఉంది. ప్రశ్నపత్రం తయారుచేసేవారికే అది గుర్తున్నట్టు లేదు.

నిజానికి ఈ నేలకు ప్రశ్న కొత్త కాదు. 1906 ప్రాంతంలో ఉత్తర జిల్లాల బడుల తనిఖీకి వచ్చిన యేట్స్ దొర, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగారు. గిడుగు, గురజాడ ఆ ప్రశ్నను పట్టుకుని వదల్లేదు. మేము ఇవాళ ఈ తెలుగులో రాయగలుగుతున్నది అందుకే.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం సంగతి చూడండి. కవిటి, సోంపేట పిల్లలు కిడ్నీ జబ్బును పుస్తకంలో కాదు, ఇంట్లో చూస్తున్నారు. దానికి కారణం ఇదీ అని శాస్త్రవేత్తలే ఇంకా తేల్చి చెప్పలేదు. నీరా, ఎండలో పనా, మరొకటా? ఒక్కో అనుమానాన్ని ఎలా పరీక్షిస్తారో ఎనిమిదో తరగతిలో మాట్లాడుకోవచ్చు. ‘నాకూ తెలియదర్రా, చూద్దాం’ అని మాస్టారు అనవచ్చు. వాట్సాప్‌లో వచ్చిన కిడ్నీ మందును చూసి, ‘ఎంతమంది మీద పనిచేసింది?’ అని అడిగే పిల్ల ఆ తరగతి నుంచే రావాలి.

విద్యాశాఖను మేము కోరేది చిన్న పని. ఏడాది మధ్యలో పెట్టే ప్రతి ఫార్మేటివ్ పరీక్షలో గైడులో దొరకని ప్రశ్న ఒకటి పెట్టండి. జవాబుకు కాక, పిల్లలు చూపిన కారణానికి మార్కులు వేయండి. ‘కీ’ లేకుండా పేపర్లు ఎలా దిద్దుతామని అభ్యంతరం వస్తుందని తెలుసు. ఐదు మార్కులకే కదా, దిద్ది చూడండి.