మా నాన్నగారి తుపాకీ, నలభై ఏడవ రోజు

ఈరోజు మధ్యాహ్నం బెంగళూరులోని మా పోలీసు స్టేషన్ నుంచి ఇంటికి వచ్చి, మంచినీళ్ళయినా తాగకుండా ఇది రాయడానికి కూర్చున్నాను. మా నాన్నగారి జంట గొట్టాల తుపాకీని లైసెన్సు ఉన్న మరొకరికి చట్టంలో చెప్పిన పద్ధతిలోనే అమ్మదలచానని రాతమూలకంగా తెలియజేసి నేటికి నలభై ఏడు రోజులయింది. ఆ కాగితం సంగతి అడిగితే, "మీ ఫైలు కనబడడం లేదు, కొత్తగా రాసివ్వండి, మళ్ళీ నలభై అయిదు రోజులు లెక్క పెట్టుకోండి" అని స్టేషన్ రైటర్ తల ఎత్తకుండానే చెప్పారు. గుండ్రటి ముద్ర, తేదీ, సంతకం ఉన్న రశీదును ఆయన బల్ల మీద పెట్టాను. అది పాత ఇన్‌స్పెక్టరుగారు ఉన్నప్పటిదట, ఆయన బదిలీ అయి వెళ్ళిపోయారట, కాబట్టి చెల్లదట. మనిషి బదిలీ అయితే స్టేషన్ ముద్రకు విలువ ఎందుకు పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

1959 నాటి ఆయుధాల చట్టంలోని సెక్షన్ 5 ఈ రెండు నెలల్లో నాకు కంఠతా వచ్చేసింది. సొంతానికి చట్టబద్ధంగా ఉంచుకున్న తుపాకీని, దాన్ని ఉంచుకునే అర్హత ఉన్న మరొక వ్యక్తికి అమ్మడానికి వ్యాపారి లైసెన్సు అక్కరలేదు. అమ్మాలనుకుంటున్న విషయాన్నీ, కొనేవారి పేరునూ, చిరునామానూ జిల్లా మేజిస్ట్రేటుకు గాని, దగ్గరలోని పోలీసు స్టేషన్ అధికారికి గాని రాసి తెలియజేయాలి; తెలియజేసిన నాటి నుంచి 45 రోజులకు తక్కువ కాకుండా ఆగాలి. ఆ సెక్షన్‌లో ఉన్న మాట "తెలియజేయాలి" అని. అభ్యంతరం ఉంటే చెప్పడానికి వాళ్ళకు నెలన్నర గడువు ఉంది. ఆ నెలన్నరా నా కాగితాన్ని ఏ బీరువా కిందో పడేసి, ఇప్పుడు గడువు మళ్ళీ మొదలు పెట్టమనడం ఏ న్యాయమో ఎవరైనా చెప్పండి. తెలియజేయడానికి వెళ్ళిన మనిషిని దయ కోసం నిలబడిన మనిషిగా మార్చేశారు.

నా వైపు నుంచి ఏ లోపమూ లేదని ఘంటాపథంగా చెప్పగలను. కొనేవారు కర్ణాటకలోనే సకలేశపుర దగ్గర కాఫీ తోట ఉన్న పెద్దమనిషి. ఆయన లైసెన్సు పుస్తకం అసలు ప్రతిని నా కళ్ళతో చూసి, అందులోని యూఐఎన్ (లైసెన్సుదారుకు ఇచ్చే గుర్తింపు) నంబరు రాసుకుని, గడువు ఎప్పటి వరకు ఉందో, పన్నెండు బోరు (గొట్టం కొలత) తుపాకీ కొనడానికి అనుమతి ఉందో లేదో సరిచూసుకున్న తరువాతే మాట ఇచ్చాను. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది కనుక, ఆయన దగ్గర ఇప్పటికే ఎన్ని ఉన్నాయో కూడా అడిగాను, ఒక్కటే ఉంది. తుపాకీతో పాటు ఇచ్చే ఏడు తూటాల లెక్క కూడా కాగితంలో రాశాను. తూటాలకూ ఇదే నియమం వర్తిస్తుందని ఆ స్టేషన్‌లో చాలామందికి తెలియదు, నేనే చెప్పవలసి వచ్చింది.

ఈ తుపాకీ ఎలాంటిదో చెప్పకపోతే నా బాధ మీకు అందదు. ఇది బర్మింగ్‌హామ్‌లో తయారైన పన్నెండు బోరు తుపాకీ. మదనపల్లె దగ్గర మా వేరుశెనగ చేలోకి అడవిపందులు దిగే రోజుల్లో మా నాన్నగారు రాత్రిళ్ళు మంచె మీద దీన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. నెలకొకసారి గొట్టాలు విప్పి, పాత పంచె గుడ్డను రంగూన్ నూనెలో తడిపి కడ్డీకి చుట్టి, గొట్టం లోపలికి పంపి లాగి, వెలుతురు వైపు పెట్టి నన్ను చూడమనేవారు. లోపల అద్దంలా వలయాలు వలయాలుగా మెరిసేది. విజయదశమి నాడు నాగలి పక్కన దీనికీ పసుపు కుంకుమ బొట్టు పెట్టేవారు. ఆయన పోయిన తరువాత చట్టబద్ధమైన వారసురాలిగా లైసెన్సుకు అర్జీ పెట్టుకుని, పోలీసు విచారణ పూర్తయ్యి, నా పేరున పుస్తకం వచ్చేవరకు ఇది లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరే జమ అయి ఉంది. నేను ఒక్కరోజు కూడా దీన్ని కాగితం లేకుండా ఇంట్లో ఉంచలేదు. ఇప్పుడు పొలం లేదు, బెంగళూరులో మూడో అంతస్తు ఫ్లాటులో మనవలు తిరిగే ఇంట్లో దీన్ని బీరువాలో తాళం వేసి ఉంచుకోవడం నాకు ఇష్టం లేక, విలువ తెలిసిన చేతికి ఇవ్వాలనుకున్నాను. అంతే నేను చేసిన నేరం.

"ప్రైవేటు వాళ్ళకు ఎందుకమ్మా, డీలరుకు ఇచ్చేయండి" అని ఈరోజు ఇంకొక సలహా కూడా ఇచ్చారు. డీలరు ఇస్తానన్న ధర, ఆ కాఫీ తోటవారు ఇస్తానన్న దానిలో మూడో వంతు కూడా లేదు. 1980ల నడుమ నుంచి మామూలు పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకునే దారి మూసుకుపోయింది కాబట్టి, ఇలాంటి పాత తుపాకీకి గిరాకీ ఎంతో ఆ డీలరుకు నాకంటే బాగా తెలుసు. చట్టం నాకు ఇచ్చిన దారిని వదిలి, ఆయన లాభం కోసం నేనెందుకు నష్టపోవాలి?

అన్నిటికంటే నన్ను కోసిన మాట వేరే ఉంది. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒకాయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, "మనేలి గండసరు యారూ ఇల్వా మేడం?" అని అడిగారు. ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా అని. లైసెన్సు పుస్తకంలో ఫోటో నాది, సంతకం నాది, ఈ తుపాకీ వల్ల ఏం జరిగినా కోర్టు మెట్లు ఎక్కవలసింది నేను. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఆ ప్రశ్న విని గొంతు పూడుకుపోయింది. నేను కన్నడంలోనే జవాబు చెప్పాను, "ఈ పుస్తకంలో మగవాళ్ళ పేరు ఎక్కడుందో చూపించండి" అని. ఆయన ఫోన్ చూసుకుంటూ ఉండిపోయారు.

ఈ స్టేషన్ మీద నాకు పాత కోపం కూడా ఉంది, అది ఇక్కడ చెప్పక తప్పదు. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు తుపాకీ తెచ్చి జమ చెయ్యమన్నారు. ఎవరి తుపాకీ జమ చేయించుకోవాలో ఒక్కొక్కరి సంగతి విడిగా పరిశీలించి తేల్చాలన్నది ఎన్నికల సంఘం మార్గదర్శకం. ఇక్కడ మాత్రం అందరికీ ఒకటే ఫోన్. నూనె రాసి, గుడ్డ చుట్టి, పెట్టెతో సహా తీసుకెళ్ళి ఇచ్చాను. ఫలితాలు వచ్చిన తరువాత వెళితే పెట్టె లేదు. నెమ్మెక్కిన గోడకు ఆనించిన గోనెపట్టాలో నుంచి తీసి ఇచ్చారు. ఎడమ గొట్టం బయట, చెక్క దగ్గర, బొటనవేలంత మేర చింతపండు రంగు తుప్పు. గన్‌స్మిత్ తుప్పు తీశారు గాని దాని కింద పడిన గుంటలు పోలేదు. తోటవారు తుపాకీ చూడడానికి వచ్చినప్పుడు ఆ చోటే గోరుతో తడిమి, ధర అయిదు వేలు తగ్గించమన్నారు. ఆయన తప్పేమీ లేదు. నష్టం నాది, నిర్లక్ష్యం వాళ్ళది, అడిగితే "తుపాకీ అన్నాక తుప్పు పట్టదా" అన్న సమాధానం ఒకటి.

స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర ఒక మధ్యవర్తి నా వెనకే వచ్చి, "ముందు తుపాకీ ఇచ్చేసి డబ్బు తీసుకోండి, కాగితాలు తరువాత చూసుకుందాం" అన్నాడు. గొట్టాల కింద చెక్కిన నంబరు నా పుస్తకంలో ఉన్నంత కాలం, ఆ తుపాకీ ఎక్కడ పేలినా మొదట తట్టేది నా తలుపే. వాళ్ళు మళ్ళీ మొదలు పెట్టమన్న గడువు తీరకుండా చేతులు మారితే వాళ్ళ లెక్కలో నేనూ నేరస్థురాలినే, కొన్నవారూ నేరస్థులే. నాటు తుపాకులు (కట్టాలు) సంచుల్లో పెట్టుకుని అమ్ముకునేవాళ్ళు ఏ స్టేషన్‌లోనూ రశీదు అడగరు. రశీదు అడిగే నాలాంటి వాళ్ళనే నలభై ఏడు రోజులు తిప్పించి, చివరికి దొంగదారి మధ్యవర్తి చేతిలో పెడుతున్నారు, నాకు కడుపు మండేది అందుకే.

వచ్చే దారిలోనే తోటవారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దసరా వరకు ఆగుతానని, ఆ పైన మాత్రం వేరే తుపాకీ చూసుకుంటానని మర్యాదగానే అన్నారు. నేను కొత్త అర్జీ రాయను. పాత రశీదుకు మూడు నకళ్ళు తీయించి, ఒక ఉత్తరం జత చేసి, లైసెన్సు ఇచ్చిన అధికారికీ స్టేషన్‌కూ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మూడో నకలుతో సోమవారం పది గంటలకు మళ్ళీ వెళుతున్నాను. బెంగళూరులో ఇలా వ్యక్తి నుంచి వ్యక్తికి అమ్మిన వారు ఎవరైనా ఉంటే, గడువు ముగిసిన తరువాత మీకు స్టేషన్‌లో ఏ కాగితం ఇచ్చారో, దాని మీద ఏమని రాశారో దయచేసి ఇక్కడ రాయండి.