మందుల చీటీలో లేని కిలోన్నర కందిపప్పు

పోయిన వానాకాలంలో హనుమకొండలోని ఒక దవాఖానకు దగ్గరి బంధువును చూడడానికి వెళ్లినప్పుడు, పక్క మంచం మీద పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. కడుపు ఆపరేషన్ అయి ఆ రోజుకు ఆరో రోజు. మధ్యాహ్నం ఆయన భార్య టిఫిన్ గిన్నె మూత తీసింది. మెత్తగా వండిన తెల్లన్నం, మీద పలచని చారు, అంచున చిటికెడు ఉప్పు. కిటికీ గట్టు మీద మాత్రం చూడవచ్చినవాళ్లు తెచ్చిన రెండు బ్రెడ్డు పొట్లాలు, నాలుగు ఆపిల్ పండ్లు, ఒక కొబ్బరిబోండాం వరుసగా కొలువుదీరి ఉన్నాయి. పప్పో గుడ్డో పెట్టకపోయారా అని అడిగితే ఆమె నా తెలివితక్కువతనానికి జాలిపడినట్టు చూసి, "పప్పు వెడితే కుట్లకు చీము వడతది కొడుకా, గుడ్డు వేడి చేస్తది" అన్నది. డాక్టరు చెప్పాడా అని అడిగితే, డాక్టరు ఏమీ చెప్పలేదని, ఊళ్లో ఇంతకుముందు ఇదే ఆపరేషన్ అయిన వియ్యపురాలు చెప్పిందని తేలింది.

ఆమె చేతిలోని చీటీ తీసుకుని చూశాను. మూడు రకాల మాత్రలు, ఒక సిరపు, మళ్లీ రావలసిన తేదీ. ఏం తినాలో ఒక్క ముక్క లేదు. మానుతున్న గాయానికి మాంసకృత్తులు ఎంత అవసరమో వైద్య విద్యార్థికి కూడా తెలుసు. అయినా ఆ తెలిసిన సంగతిని కాగితం మీద పెట్టే అలవాటు మన వైద్యానికి లేదు. వైద్యుడు వదిలేసిన ఖాళీని వియ్యపురాలు నింపితే తప్పు ఆమెది ఎలా అవుతుంది? పథ్యం పేరుతో మన ఇళ్లలో జరుగుతున్న అర్ధాకలిని మూఢనమ్మకమని వెక్కిరించే ముందు, మందు చెప్పిన నోరు కూడు గురించి ఎందుకు చెప్పలేదని అడగాలి.

ఈ ప్రశ్న ఇప్పుడు కేవలం సానుభూతితో అడుగుతున్నది కాదు. ఝార్ఖండ్‌లోని 4 జిల్లాల్లో జరిగి, 2023 ఆగస్టులో లాన్సెట్ వైద్య పత్రికల్లో ఫలితాలు వెలువడిన 'రేషన్స్' అనే వైద్య పరీక్ష దీనికి అంకెలతో జవాబు చెప్పింది. ఊపిరితిత్తుల క్షయ నిర్ధారణ అయిన 2,800 మంది రోగులనూ, వారి ఇళ్లలో కలిసి బతుకుతున్న 10,345 మందినీ తీసుకుని, మంగళూరుకు చెందిన వైద్య పరిశోధకులు అనురాగ్ భార్గవ, మాధవి భార్గవల బృందం ఈ అధ్యయనం చేసింది. రోగులందరికీ నెలనెలా ఆహార పొట్లం ఇచ్చారు. ఇంట్లోని మిగతావారికి మాత్రం సగం ప్రాంతాల్లో ఇచ్చి, సగం ప్రాంతాల్లో ఇవ్వకుండా పోల్చి చూశారు. తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటించే ఊపిరితిత్తుల క్షయ విషయంలోనైతే తగ్గుదల 48 శాతం. ఇంత పని చేసే టీకా పెద్దలకు ఇంకా అందుబాటులోకి రాలేదు. వచ్చి ఉంటే దాని కోసం ఎన్ని శిబిరాలు, ఎన్ని ఫ్లెక్సీలు, ఎన్ని రిబ్బను కత్తిరింపులు ఉండేవో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ పొట్లంలో ఏముందో చూస్తే ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది. ఇంట్లోని ఒక్కో పెద్దమనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు. అంతే. రోజుకు లెక్కగడితే దాదాపు 750 క్యాలరీలు, 23 గ్రాముల మాంసకృత్తులు. ఇక్కడ కాస్త ఆగి కూడికలు వేయాలి. రోజుకు దాదాపు 165 గ్రాముల బియ్యం నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. 50 గ్రాముల పప్పు నుంచి 11 గ్రాములు వస్తాయి. బరువులో పావువంతుకన్నా తక్కువ ఉన్న పప్పు, మాంసకృత్తుల్లో సగభాగం మోసింది. రేషన్ బియ్యం అక్కడి పేదలకు అంతకు ముందూ ఉన్నాయి. పొట్లం వాటి మీద అదనం. బియ్యం మాత్రమే ఉన్న ఇంటికీ, ఇంకొన్ని బియ్యంతో పాటు పప్పు కూడా చేరిన ఇంటికీ మధ్య తేడాయే ఈ పరీక్షలో కనిపించిన తేడా అని నేను చదువుకున్నాను.

రోగుల సంగతి మరింత బాధాకరం. చికిత్స మొదలైననాడు మగవారి సగటు బరువు 42.6 కిలోలు, ఆడవారిది 36.1 కిలోలు. ఇవి ఎనిమిదో తరగతి పిల్లల బరువులు. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవారిలో మరణ ప్రమాదం 61 శాతం తక్కువగా కనిపించింది. 5 శాతం అంటే, 36 కిలోల మనిషికి రెండు కిలోలకన్నా తక్కువ! మన టీబీ కేంద్రాల్లో ప్రతి రోగినీ తూకం మిషన్ ఎక్కిస్తారు. 25 నుంచి 34 కిలోలుంటే రోజుకు రెండు మాత్రలు, 35 నుంచి 49 ఉంటే మూడు, 50 నుంచి 64 ఉంటే నాలుగు, 65 నుంచి 75 ఉంటే ఐదు, ఆ పైన ఆరు. తూకం అక్కడితో ముగుస్తుంది. మాత్రలు ఎన్నో చెప్పడానికి పనికొచ్చిన ముల్లు, ఆ మనిషి ఎన్ని రోజులుగా సరిగా తినలేదో కూడా చెబుతూనే ఉంటుంది, కానీ ఆ రెండో మాటను రాసుకునే గడి మన చీటీలో లేదు. తమిళనాడు 2022లో ఆ గడి చేర్చింది. అక్కడ రోగ నిర్ధారణ రోజునే బరువు, ఎత్తు, కాళ్ల వాపు, ఊపిరి వేగం, లేచి నిలబడగలడా లేదా అన్నవి చూసి, బాగా చిక్కిపోయినవారిని ఇంటికి పంపకుండా ఆసుపత్రిలో చేర్చుకుంటున్నారు. ఎండిన శరీరానికి ఒక్కసారిగా అన్నం పెట్టడమూ ప్రమాదమే కాబట్టి ఆ మొదటి రోజులు వైద్యుల కంటి ముందు గడవాలి. ఇందులో మనకు చేతకాని పని ఒక్కటి ఉందా?

క్షయ ఒక్కటే అనుకునేవారు స్విట్జర్లాండ్ వైపు చూడాలి. అక్కడి 8 ఆసుపత్రుల్లో 2,088 మంది సాధారణ వార్డు రోగుల మీద జరిగి 2019లో అచ్చయిన 'ఎఫర్ట్' అనే పరీక్షలో, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి పోషణ ప్రణాళిక వేసినప్పుడు 30 రోజుల్లో మరణాలు 10 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. కడుపునిండా తినే దేశంలోనే ఆసుపత్రి తిండి ప్రాణాలు నిలిపితే, సగం కడుపుతో ఆసుపత్రికి వచ్చే మన దగ్గర దాని విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

మన దగ్గర బలానికి మరో పేరు గ్లూకోజు బాటిల్. జ్వరమొచ్చినా, నీరసమైనా, పత్తి ఏరి నడుము పట్టేసినా ఊళ్లోని ఆర్‌ఎంపీ కిటికీ ఊచకో గోడ మేకుకో ఒక సీసా వేలాడదీస్తాడు, మనిషి గంటసేపు పడుకుని లేచి, 'పానం తేలికైంది' అంటూ డబ్బులిచ్చి పోతాడు. అరలీటరు 5 శాతం గ్లూకోజులో ఉండేది 25 గ్రాముల చక్కెర. వంద క్యాలరీలు మించవు. మాంసకృత్తులు సున్న. అదే ఉత్త సెలైన్ అయితే నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాది నీళ్లు. వాంతులతో, విరేచనాలతో ఒళ్లు ఎండినవాడికి అది ప్రాణదాతే, కాదనను. కానీ బలం కోసమైతే రెండు ఉడికించిన కోడిగుడ్లు ఆ సీసాకన్నా ఎక్కువ క్యాలరీలనూ, 12 గ్రాముల మాంసకృత్తులనూ ఇస్తాయి, సూది పోటు లేకుండా. సీసాకు వందలు పోసినవాడే గుడ్డు వేడి చేస్తుందని పక్కన పెడతాడు. సూదితో ఎక్కేదే వైద్యమనీ, నోటితో తినేది వంటింటి వ్యవహారమనీ నేర్పింది ఆర్‌ఎంపీ ఒక్కడే కాదు, పెద్ద ఆసుపత్రులు కూడా.

దీనికి ఎదురువాదన ఉంది, తేలికగా కొట్టిపారేసేది కాదు. 1950ల చివర మద్రాసులో 193 మంది క్షయ రోగుల మీద జరిగిన ప్రసిద్ధ పరీక్షలో, ఇంట్లో చాలీచాలని తిండి తింటూ మందులు వాడినవారు, శానిటోరియంలో, అంటే క్షయ ఆసుపత్రిలో, మంచి భోజనంతో మందులు వాడినవారితో దాదాపు సమానంగా కోలుకున్నారు. మందు సరిగ్గా పడితే తిండి రెండో విషయమని ప్రపంచం అప్పుడు నిర్ణయించుకుంది. ఝార్ఖండ్‌లో రోగులందరికీ తిండి ఇచ్చారు కాబట్టి, బరువు పెరగడం వల్లే బతికారా, బతికేవారే బరువు పెరిగారా అని సందేహించే వీలూ ఉంది. ఐసీయూ రోగులకు మాంసకృత్తులు మరీ పెంచి ఇచ్చి చూసిన 2023 నాటి అంతర్జాతీయ పరీక్షలో లాభం కనిపించలేదు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి నష్టం జరిగిన సూచనలే కనిపించాయి. ఇవన్నీ నిజమే. కానీ మద్రాసు పరీక్ష రోగి ఎలా కోలుకుంటాడని అడిగింది, పక్కన పడుకున్న పిల్లవాడికి జబ్బు ఎందుకు వస్తుందన్న ప్రశ్న ఝార్ఖండ్ పరీక్షది. ఆ రెండో ప్రశ్నకు తిండి అందినవారినీ అందనివారినీ నేరుగా పోల్చి తేల్చిన జవాబు మన ముందుంది. ఐసీయూలో అతిగా ఇస్తే లాభం లేదన్న మాటను, వార్డులో అసలు ఇవ్వకపోవడానికి సాకుగా వాడుకోవడం కుదరదు.

జవాబు తెలిసీ కదలకపోవడానికి కారణం వైద్యంలో లేదు, బియ్యం రాజకీయంలో ఉంది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చిననాటి నుంచి ఈ నేల మీద పేదవాడి ఆకలిని ప్రభుత్వాలు బియ్యం బస్తాతోనే కొలిచాయి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో 185 రూపాయలకు 9 సరుకుల సంచి ఇచ్చినప్పుడు అందులో కందిపప్పు ఉండేది. ఆ సంచి పోయింది. 2025 ఉగాదికి సన్నబియ్యం వచ్చాయి, మనిషికి 6 కిలోలు. దొడ్డుబియ్యం అమ్ముకునే దుస్థితి తప్పిందని సంతోషించినవారిలో నేనూ ఉన్నాను. అయితే మెతుకు సన్నబడినంత మాత్రాన మాంసకృత్తులు పెరగవు. సన్నవడ్లు పండించమని క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించిన పట్టుదలను, ఆదిలాబాద్ పత్తిచేలలో సాళ్ల మధ్య పండే కందుల పట్ల ఏ ప్రభుత్వమూ చూపలేదు. కాలువ నీళ్లు వచ్చాక ఉత్తర తెలంగాణలో వరి మడి విస్తరించిన కొద్దీ, ఇంటి వెనక జాగాలో, చేను గట్టున పండిన పెసర్లు, బొబ్బర్లు, ఉలవలు కొనుక్కునే సరుకులైపోయాయి.

అలాగని పాత రోజులు బంగారమని జొన్న గటకకు హారతి పట్టడం నా ఉద్దేశం కాదు. పేదవాడు జొన్న ఒక్కటే తిని బతికిన రోజుల్లో దక్కన్ పీఠభూమిలో చర్మం పొలుసులు లేచే పెల్లాగ్రా ఉండేది. దానికీ జొన్నకూ ఉన్న సంబంధాన్ని హైదరాబాదులోని పరిశోధకులే, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అని పిలుస్తున్నచోట, 1960లో ప్రపంచానికి చెప్పారు. ఒక్క గింజ మీద బతకాల్సి రావడమే జబ్బు. అప్పుడు ఆ గింజ జొన్న, ఇప్పుడు సన్నబియ్యం.

వరంగల్‌లో పాత సెంట్రల్ జైలు కూల్చిన జాగాలో 24 అంతస్తుల ఆసుపత్రి కడుతున్నారు. కట్టాల్సిందే, ఈ ప్రాంతానికి అది న్యాయంగా రావలసినదే. కానీ రాష్ట్రంలో సర్కారు దవాఖాన రోగికి రోజు మొత్తం తిండికి ఇచ్చే మొత్తం 40 రూపాయల దగ్గర ఏళ్ల తరబడి నిలిచి, 2022లో గానీ 80కి చేరలేదు. క్షయ వంటి ప్రత్యేక ఆహారం కావాల్సినవారికి 56 నుంచి 112 అయింది. పొద్దున టిఫిను, రెండు పూటల భోజనం, పాలు, గుడ్డు, గుత్తేదారు లాభం, అన్నీ అందులోనే. క్షయ రోగికి కేంద్రం 2018 నుంచి నెలకు ఇస్తున్న 500 రూపాయలు 2024 నవంబరులో 1,000 అయ్యాయి. బ్యాంకు ఖాతాలో పడే ఆ డబ్బు ఇంటిల్లిపాది గిన్నెలో పప్పుగా మారుతుందని ఎవరైనా అనుకుంటే, వారు బీడీలు చుట్టే ఇంట్లో, మరమగ్గం కార్మికుడి ఇంట్లో నెలాఖరు చూడలేదన్నమాట. అక్కడ వెయ్యి రూపాయలు ముందుగా కిరాణా బాకీకి పోతాయి. పొట్లమైతే నేరుగా పొయ్యి మీదికి పోతుంది.

పంచడానికి కొత్త యంత్రాంగం అక్కరలేదు. రోగుల జాబితా టీబీ కార్యక్రమం దగ్గర ఉంది, తూకమూ వేలిముద్ర మిషనూ రేషన్ డీలరు దగ్గర ఉన్నాయి, ఇల్లిల్లూ తెలిసిన ఆశా కార్యకర్త ఊళ్లోనే ఉంది. చిక్కు ఒక్కచోట వస్తుంది. రేషన్ దుకాణం ముందు వరుసలో నిలబడి ఒక ఇంటివారు మాత్రమే పప్పు తీసుకుంటే, అది క్షయ ఇల్లని సాయంత్రానికల్లా ఊరంతటికీ తెలుస్తుంది. పెళ్లీడు ఆడపిల్ల ఉన్న తల్లి ఆ పప్పు కోసం రాదు. అందుకే పొట్లాన్ని రోగం పేరు మీద ఇవ్వకూడదు. ఆపరేషన్ అయినవాళ్లు, బాలింతలు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, తూకం తగ్గిన ముసలివాళ్లు ఉన్న ఇళ్లను కూడా అదే జాబితాలో కలిపి, డాక్టరు చీటీ మీద మాత్రల కింద నాలుగో వరుసలో రాసిన పరిమాణం ప్రకారం, ఎవరి ఒంటికి ఏది పడుతుందో చూసి ఇవ్వాలి. అప్పుడు పరకాల పెద్దాయన భార్య వియ్యపురాలిని అడగవలసిన పని ఉండదు. చీటీలోనే పప్పు రాసి ఉంటుంది.