అసలు పని బాయిలర్‌తోనే

పాత ఆవిరి ఇంజన్లను మళ్లీ పట్టాలెక్కించాలన్న ఒక వ్యాసం చదివి చాలా సంతోషం వేసింది. అయితే రంగు వేసినంత తేలిక కాదండి అది. మా నాన్నగారు సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో బాయిలర్ (నీళ్లు మరిగించి ఆవిరి పుట్టించే భాగం) పని చేసేవారు. ఫైర్‌బాక్స్, అంటే బొగ్గు మండే పెట్టె, చుట్టూ దాని గోడలను పట్టి ఉంచే స్టే బోల్టులను చిన్న సుత్తితో ఒక్కొక్కటిగా తట్టి, చెవి ఒగ్గి వినేవారు. ఖంగున మోగితే బాగున్నట్టు, బొంగురుగా పలికితే విరిగినట్టు. ఒక్క పగులు వదిలేసినా లోపలి ఆవిరి ఒత్తిడికి బాయిలర్ పేలిపోవచ్చు.

విడిభాగాలు బజార్లో దొరకవు, పోత పోయించుకోవాల్సిందే. 1855 నాటి ఫెయిరీ క్వీన్ అనే ఆవిరి ఇంజన్ భాగాలు 2011లో దొంగల పాలైతే, చెన్నై పెరంబూరులో బాగుచేయించాక మళ్లీ పర్యాటకులను ఎక్కించుకునేసరికి 2017 వచ్చింది. ఆ సుత్తి చప్పుడు తెలిసిన పెద్దలు మన సికింద్రాబాద్‌లో ఇంకా ఉన్నారు. ముందు వాళ్ల దగ్గర కుర్రాళ్లకు పని నేర్పించండి.