మహారాజశ్రీ ఎక్స్‌పెక్టెడ్ గారికి

జావా కోడ్‌కు టెస్టులు నడిపే జేయూనిట్ 4 వారి మహారాజశ్రీ ఎక్స్‌పెక్టెడ్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ బిల్డ్ పచ్చగా ఉంది, అంటే టెస్టులన్నీ పాస్. అదే మా దిగులు.

టెస్ట్ మెథడ్ నెత్తిన కూర్చుంటారు. బ్రాకెట్లో రాసిన ఎక్సెప్షన్ (కోడ్ విసిరే లోపం) వస్తే పాస్, రాకపోతే ఫెయిల్ అంటారు. ఏ లైనులో వచ్చిందో మాత్రం అడగరు. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అన్న ధోరణి తమది.

మీ ఏలుబడిలో ఒక టెస్టు చూడండి. ఖాతాలోంచి మైనస్ 500 విత్‌డ్రా చేయబోతే ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ రావాలి. మొత్తం మూడు లైన్లు. మొదటి లైను "1,000" అనే స్ట్రింగును, అక్షరాలను సంఖ్యగా మార్చే పార్స్‌లాంగ్‌కి ఇస్తుంది. ఆ కామా దానికి గిట్టదు, అక్కడికక్కడే నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్ విసిరేస్తుంది. అదేమో ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ వారి కన్నబిడ్డ (సబ్‌క్లాస్). మీరు ఇంటిపేరు చూసి 'మనవాడే' అని లోపలికి పంపేశారు. రెండో లైనులో ఖాతా పుట్టనే లేదు, మూడో లైనులోని విత్‌డ్రా నడవనే లేదు. రేపెవరైనా విత్‌డ్రాలోంచి మైనస్ తనిఖీని పీకేసినా మీరు పచ్చగానే నవ్వుతుంటారు.

ఆ కింద బ్యాలెన్స్ మారలేదని ఒక అసర్ట్ (సరిచూసే లైను) రాసిన అమాయకులూ ఉన్నారు. ఎక్సెప్షన్ పడ్డాక మెథడ్‌లో మిగిలిన లైన్లకు పిలుపే రాదని వాళ్లకి మీరైనా చెప్పొద్దా?

మీకంటే ముందు పుట్టిన ట్రై క్యాచ్ గారూ తక్కువవారు కారు. ట్రై చివర ఫెయిల్ పిలవడం మరిచామా, ఎక్సెప్షన్ రాకపోయినా పాసే. ఫెయిల్ పెట్టి, క్యాచ్‌లో అన్ని లోపాలకూ మూలపురుషుడైన త్రోయబుల్‌ని పట్టుకుంటే ఇంకా ఘోరం: ఫెయిల్ విసిరిన అసర్షన్ ఎర్రర్‌ని ఆ క్యాచే మింగేస్తుంది.

2017లో జేయూనిట్ 5 మీకు చోటే ఉంచలేదు. అసర్ట్‌త్రోస్ వచ్చింది. ఖాతా తయారీ బయట, విత్‌డ్రా ఒక్కటే లాంబ్డాలో (దాని చేతికిచ్చే కోడ్ ముక్కలో). ఇప్పుడు కామా పేచీ పెడితే టెస్ట్ ఎర్రబడుతుంది. పట్టిన ఎక్సెప్షన్‌ని చేతికిస్తుంది కాబట్టి మెసేజ్ చూడొచ్చు, కింది లైనులో బ్యాలెన్సూ చూడొచ్చు. అదీ పిల్లల్ని రానిస్తుంది లెండి. కచ్చితంగా ఆ క్లాసే కావాలంటే 5.8 నుంచి అసర్ట్‌త్రోస్‌ఎగ్జాక్ట్‌లీ ఉంది. అయినా మూడు లైన్లూ లాంబ్డాలోనే కుక్కేవాళ్లున్నారు. అక్కడ మారువేషంలో ఉన్నది మీరే.

పొరుగూళ్లలోనూ మీ చుట్టాలున్నారు. పైథాన్ వారి పైటెస్ట్ రైజెస్‌లో విత్ బ్లాకు లోపల, ఎక్సెప్షన్ పడే లైను కింద రాసిన అసర్ట్ నడవదు. మ్యాచ్‌కి ఇచ్చేది రెజెక్స్ (అక్షరాల నమూనా), అందులో చుక్క ఉంటే ఏ అక్షరమైనా ఒప్పేసుకుంటుంది. జావాస్క్రిప్ట్ వారి జెస్ట్ రిజెక్ట్స్ ముందు అవెయిట్ గానీ రిటర్న్ గానీ లేకపోతే, ప్రామిస్ (తర్వాత అందే ఫలితం) సంగతి తేలకముందే టెస్ట్ పాసై వెళ్లిపోతుంది.

ఇట్లు,
మీ పచ్చదనం చూసి విసిగినవారు.

తా.క.: మీ పేరున్న ప్రతి టెస్టుకీ, అది కాపలా కాస్తున్నాననే తనిఖీ లైనును కామెంట్ చేసి నడుపుతున్నాం. ఎర్రబడనివాటి జాబితా వెనకాలే వస్తోంది.